స్కేలు పెట్టి కొలిచిన థీసిస్

నా థీసిస్ మొత్తంలో జనం గుర్తుపెట్టుకున్న పేజీ ఒక్కటే. అది నేను రాసింది కాదు. ఆ ఒక్క పేజీ నా పరువును నాంపల్లి నడివీధిలో ఎలా ఆరేసిందో చెబుతాను. మీరు కూడా థీసిస్ రాస్తున్నవారైతే గుండె చిక్కబట్టుకుని చదవండి.

నా పరిశోధన ఆబిడ్స్ దుకాణాల బోర్డుల మీద కనిపించే తెలుగు గురించి. మెడ పట్టేసేదాకా బోర్డులు చూస్తూ ఎండలో తిరిగాను. అదంతా సుఖమే. అసలు కష్టం మా గైడు సోమయాజులు గారి స్టీలు స్కేలుతో. అధ్యాయం చేతికిస్తే ఆయన ముందు చదవరు, కొలుస్తారు.

"ఎడమ పక్క ఒకటిన్నర అంగుళం వదలాలి నాయనా. బైండింగులో పోయేవి నీ అక్షరాలు, నావి కావు" అని కాగితాలు వెనక్కి తోసేవారు. వాక్యం తప్పయితే క్షమించేవారు. మార్జిన్ తప్పితే ఇంట్లో ఎవరైనా పోయినంత బాధపడేవారు. నాకు కలలో కూడా ఆ స్కేలే కనిపించేది.

ఈ గండం గట్టెక్కడానికి మా డిపార్ట్‌మెంటులో ఒక ఆచారం ఉంది. ఎవరి థీసిస్ ఆ స్కేలుకు నిలిచిందో, వాళ్ల కంప్యూటర్ ఫైలు తరువాతివాళ్లు అడిగి తెచ్చుకుంటారు. అందులో వాళ్ల మాటలు తీసేసి మన మాటలు నింపుకుంటాం. మార్జిన్లు, పేజీ నంబర్లు, శీర్షికల సైజులు అన్నీ తయారుగా ఉంటాయి. పక్కింటి ఇడ్లీ పాత్ర తెచ్చి మన పిండి పోసుకున్నట్టే. నాకు ఫైలు ఇచ్చింది మా సీనియర్ స్వరూపక్క.

"నీ రాత అంత అండ్ల పొయ్యి. సెట్టింగులు మాత్రం ముట్టకు మురళీ. ముట్టినవంటే మొత్తం ఆగమైతది" అంది అక్క.

నేను ముట్టలేదు. ముఖపత్రం మార్చాను, గైడు గారి ధ్రువపత్రం మార్చాను, అధ్యాయాలన్నీ పోశాను. ముందు పేజీల్లో ఒక్కటి మిగిలింది. అది చివర్లో తీరిగ్గా రాద్దామనుకున్నాను. ఆ తీరిక ఎప్పుడొచ్చిందని అడగకండి.

ఆబిడ్స్‌లో ప్రింట్లు తీయించి, ఆ షాపులోనే ప్రతి పేజీనీ స్కేలు పెట్టి కొలిచాను. షాపాయన కాసేపు చూసి, "సార్, కాయితాలు కొలుస్తరా, సదువుతరా?" అన్నాడు. వీడికేం తెలుసు మా గైడు సంగతి అని నవ్వి ఊరుకున్నాను.

ఆ కాగితాలు నాంపల్లిలో బైండింగు చేసే యాదగిరికి ఇచ్చాను. ముందుగా తయారైన కాపీని గైడు గారి బల్ల మీద పెట్టి వచ్చాను. మిగతావి గడువు చివరి రోజు మధ్యాహ్నానికి చేతికొచ్చాయి. ఐదింటికి యూనివర్సిటీ ఆఫీసు కిటికీ మూసేస్తారు. ఆలోపు ఇవ్వకపోతే నా రిజిస్ట్రేషన్ రద్దు. గడువు ఇప్పటికే ఒకసారి పెంచారు, ఇక పెంచరు. అన్నేళ్ల చదువూ ఆ కిటికీ మీదే ఆధారపడి ఉంది.

స్వరూపక్క చూద్దామని షాపుకే వచ్చింది. ఎర్రట్ట మీద బంగారు అక్షరాలు నిమిరి మురిసి, మొదటి పేజీలు తిప్పి, ఠక్కున ఆగింది.

"ఏందిరా గిది? మా అత్త గీడికెట్లొచ్చింది?"

"ఏ అత్తక్కా?"

అక్క పైకి చదివింది. "'నేను నిండు చూలాలినై మూడో అధ్యాయం రాస్తున్నప్పుడు వేళకు పాలు కలిపి ఇచ్చి, నా ప్రసవ సమయంలో కన్నతల్లిలా సాకిన మా అత్తగారికి...' నా కృతజ్ఞతలు గదరా ఇవి! నువ్వెప్పుడు డెలివరీ అయినవ్?"

యాదగిరి జిగురు బ్రష్షు దించి, నన్ను పైనుంచి కిందికి చూశాడు. "సార్‌కు బాబా, పాపా?"

పెళ్లి కూడా కాని వాణ్ని, ఏ మొహం పెట్టుకుని ఆ కిటికీ ముందు నిలబడాలి? "యాదగిరన్నా, విప్పి మళ్లీ కుట్టగలవా?"

"ఇప్పితె రేపటికే సార్. గా పేజీ కోసి, మిగిలిన అంచుకు కొత్తది అతికిస్త. ఉరికి కాయితం తే పో. జర జల్ది!"

ఉరికాను. ఆటో ఎక్కితే స్టేషన్ ముందు కదల్లేదు, దిగి మళ్లీ ఉరికాను. ఆబిడ్స్ షాపులో కీబోర్డు ముందు కూర్చుంటే ఒక్క పేరూ గుర్తు రాలేదు. అమ్మానాన్నలకు దండం, గైడు గారికి పెద్ద దండం, స్వరూపక్కకు ఇంకా పెద్ద దండం అని ముగించాను. అంత కంగారులోనూ మార్జిన్ కొలిచాను చూశారా, అదీ నా భయభక్తి.

తిరిగొచ్చేసరికి యాదగిరి పేజీలు కోసి సిద్ధంగా ఉన్నాడు. అతికించాక, "జిగురు ఆరలే, జర ఆగు" అంటాడు. "టైమ్ లేదే, ఆగొద్దురా" అంటూ అక్క చున్నీతో విసురుతుంది. తడి పుస్తకాలు గుండెకు హత్తుకుని వెళ్లి, కిటికీ మూస్తున్న గుమాస్తా చేతిలో పెట్టాను. ముద్ర పడ్డాక ఆ ఆఫీసు మెట్ల మీదే కూలబడ్డాను. గండం గడిచిందనుకున్నాను. పిచ్చివాణ్ని!

కొన్నాళ్లకు వైవా. పరీక్షించడానికి వేరే ఊరి నుంచి ఒక పెద్ద మేడం వచ్చారు. కూర్చుంటూనే, "నా కాపీ ఇంట్లో మరిచాను. సోమయాజులు గారూ, మీది ఒకసారి ఇస్తారా?" అన్నారు.

గైడు గారి కాపీ! దాన్ని మార్చడం సంగతే మరిచిపోయాను. మేడం మొదటి పేజీల నుంచే తిప్పడం మొదలుపెట్టారు. తిప్పి, ఆగారు. పేజీ చూశారు. నా మీసం చూశారు. మళ్లీ పేజీ చూశారు.

"పాపాయి కులాసానా నాయనా?"

"మేడం, అది నాది కాదు... అంటే, పాపాయి నాది కాదు... మా అక్క ఫైలు..."

విషయం బయటపడేసరికి గైడు గారు నిప్పులు కక్కారు. "ఇంత నిర్లక్ష్యమా? తన థీసిస్ తానే చదువుకోనివాడికి డిగ్రీ ఎలా ఇస్తాం? ఆపేద్దాం మేడం, ఈ వైవా ఇక్కడితో ఆపేద్దాం!" నా చదువు అక్కడితో ముగిసిందనే అనుకున్నాను. ఏడుపొక్కటే తక్కువ.

మేడం పుస్తకాన్ని మెల్లగా ఆయన వైపు తిప్పి, ఆ పేజీ అంచున వేలు పెట్టారు. అక్కడ పచ్చ సిరాతో ఒక టిక్కు, దాని పక్కన మా గైడు గారి ముత్యాల్లాంటి దస్తూరీ: "ఎడమ మార్జిన్ సరిగ్గా ఉంది. చాలా సంతోషం." కింద సంతకం.

సోమయాజులు గారు బల్ల మీది స్టీలు స్కేలు తీసి నెమ్మదిగా సంచిలో పెట్టుకున్నారు. "బోర్డుల గురించి అడగండి మేడం, కుర్రాడు బాగానే తిరిగాడు" అన్నారు.

అలా నాకు డిగ్రీ వచ్చింది. కాబట్టి, ఎడమ పక్క ఒకటిన్నర అంగుళం వదిలి, మనస్ఫూర్తిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీద ఏ కాగితాన్నయినా ముందు చదువుతాను, తరువాతే కొలుస్తాను, గైడు గారి అనుమతి ఉన్నా సరే, ఇంకెప్పుడూ ప్రసవించను.