పై బల్ల మీద రెయినో

రెయినో కాంగస్ స్పృహ తప్పి పడిపోవడం మా ఊళ్ళో వార్త కాదు. మిషిగన్ ఉత్తరపు కొసన, సుపీరియర్ సరస్సు గాలి నేరుగా వచ్చి మొహాన కొట్టే ఊరు మాది. మా రెండు మూడు ఇటలీ కుటుంబాలు తప్ప అందరూ ఫిన్లాండ్ నుంచి వచ్చిన ఫిన్నులే. చలికాలమంతా మంచు మీద ఎవరో ఒకరు జారిపడుతూనే ఉంటారు. రెయినోకి మంచుతో పనిలేదు. ఎండాకాలంలో, పొడినేల మీద, ఉన్నచోటే పడతాడు.

సూది చూస్తే పడేవాడు. చర్చిలో పాట నాలుగో చరణానికి వెళితే పడేవాడు. అందుకని ఆఖరి వరసలో అతని కోసం ఒక దిండు వేసి ఉంచారు. మంగలి ఉర్హో అతన్ని బల్ల మీద పడుకోబెట్టి జుట్టు కత్తిరించేవాడు, దాంతో వెనకభాగం ఎప్పుడూ పెరిగే ఉండేది. ఒకసారి అంత్యక్రియల్లో శవపేటిక మోస్తూ పడ్డాడు. పాస్టరు కంగారులో అతని మీద కూడా గుప్పెడు మట్టి వేశాడని నేనంటాను, వెయ్యలేదని పాస్టరంటాడు. అబద్ధాలాడవద్దని మా కాన్వెంటు బడిలో సిస్టర్ పెర్పెతువా బెత్తంతో నేర్పింది. కథల ప్రసక్తి ఆవిడ తేలేదు.

చివరికి పట్నంలో డాక్టరమ్మ రెయినోని ఒక బల్లకు పట్టీలతో కట్టి, బల్లను నిలువుగా లేపి చూసింది. రెయినో ఆవిడ శ్రమ వృథా చెయ్యకుండా వెంటనే స్పృహ తప్పాడు.

"నీ గుండె బాగానే ఉంది," అంది డాక్టరమ్మ. "మెదడు నుంచి పొట్టదాకా దిగే నరం ఒకటుంది, వేగస్ అంటారు. నీ నరానికి కంగారెక్కువ. వేడి తగిలినా, రక్తం కనబడినా గుండెను నెమ్మదిగా కొట్టుకోమంటుంది. రక్తం కాళ్ళలోకి దిగిపోతుంది, తలకి చాలదు. పడతావు. పడ్డాక తలకి అందుతుంది, లేస్తావు."

"మరి మందు?"

"నీళ్ళు బాగా తాగు. నీకు బీపీ లేదు కనక ఉప్పు కొంచెం ఎక్కువే తిను. కళ్ళు మసకబారితే కాళ్ళు మెలేసి కండలు బిగబట్టు. అప్పటికీ ఆగకపోతే, పడేలోపు నువ్వే పడుకో. వేడికి మాత్రం దూరంగా ఉండు."

ఫిన్ను మనిషికి వేడికి దూరంగా ఉండమని చెప్పడం చేపకి నీళ్ళు పడవని చెప్పడమే. ఇక్కడ శనివారం సాయంత్రం ప్రతి ఇంటి వెనకా సౌనా గది పొయ్యి రాజుకుంటుంది. కాగిన రాళ్ళ మీద నీళ్ళు చల్లుకుంటూ, ఆ ఆవిరిలో బట్టల్లేకుండా, మాటల్లేకుండా కూర్చుంటారు. అందులో మాట్లాడేవాడిని మర్యాద తెలియనివాడంటారు. నన్ను చాలామంది అన్నారు.

రెయినోకి వచ్చిన చిక్కు సిల్వి వల్ల వచ్చింది. రోడ్ల మీద మంచు తోసే లారీ నడిపేది ఆ పిల్ల. దారికి అడ్డంగా పడి ఉన్న రెయినోని మంచుతోపాటు తోసెయ్యబోయి ఆఖరిక్షణంలో ఆగింది. అలా పరిచయమయ్యారు. పెళ్ళి చేసుకుందామనుకున్నారు. సిల్వి తండ్రి అర్విడ్ మత్తిలా పక్క ఊరివాడు. ఆయన దగ్గర ఒకటే పరీక్ష. పిల్లనడగడానికి వచ్చినవాడు సౌనాలో ఆయనతోపాటు పై బల్ల మీద కూర్చోవాలి. ఆవిరంతా చేరేది అక్కడే. ఆయన కంటే ముందు దిగితే ఇంటికి వెళ్ళిపోవచ్చు. డెట్రాయిట్ నుంచి వచ్చిన ఒక కుర్రాడు దిగి మంచులోకి పరిగెత్తాడు. అతని మేజోళ్ళు ఇంకా అక్కడే ఉన్నాయి.

"ముందే చెప్పెయ్యి నాన్నకి," అంది సిల్వి.

"చెబితే పై బల్ల ఎక్కనివ్వడు. ఎక్కకపోతే నిన్నివ్వడు."

"ఇవ్వడానికి నేనేమన్నా ఆయన ట్రాక్టరునా? ఒప్పుకోకపోయినా నీతో వచ్చేస్తాను. కాకపోతే ఆయన అలిగి మాట్లాడ్డం మానేస్తాడు."

"ఇప్పుడు మాట్లాడుతున్నాడా?"

"ఇప్పుడు మాట్లాడకపోవడం వేరు, అప్పుడు మాట్లాడకపోవడం వేరు," అంది సిల్వి. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు చూసి రెయినో పరీక్షకి కూర్చుంటానన్నాడు.

తిన్నగా మా ఇంటికొచ్చాడు. "డొమినిక్ బాబాయ్, నువ్వూ నాతో రావాలి."

"నేనెందుకురా?"

"పడితే పట్టుకోడానికి."

ఆ శనివారం రెయినో పొద్దుటినుంచి ఉప్పుచేప తింటూ, ఊరేసిన దోసకాయల జాడీలో నీళ్ళు కూడా తాగేశాడు. దగ్గరికెళితే సముద్రం వాసన వేశాడు. అర్విడ్ సౌనా గుమ్మం మీద పెద్ద దుప్పి కొమ్ములున్నాయి. ఆయన ఒకే తూటాతో కొట్టిన దుప్పి అని చుట్టుపక్కల అందరికీ తెలుసు. వాటి కిందనుంచి లోపలికెళ్ళి పై బల్ల ఎక్కాం. పొయ్యి పక్కన అర్విడ్, మధ్యలో నేను, గోడవార రెయినో.

అర్విడ్ గరిటెడు నీళ్ళు రాళ్ళ మీద పోశాడు. ఆవిరి బుస్సుమంది. రెయినో కాళ్ళు మెలేసి బిగబట్టాడు.

"ఒంటికి వెళ్ళాలా?" అన్నాడు అర్విడ్.

"లేదండి. అలవాటు."

మళ్ళీ నీళ్ళు పోశాడు. రెయినో మొహం పాలలా తెల్లబడింది. "బాబాయ్, పడుకుంటున్నా," అని నా చెవిలో గొణిగి, పడేలోపే పడుకున్నాడు. మరుక్షణం స్పృహ లేదు. డాక్టరమ్మ చెప్పినట్టు కాళ్ళు ఎత్తుగా ఉండాలని వాటిని నా ఒళ్ళోకి లాక్కున్నాను. అతన్ని బయటికి మోద్దామంటే కొండలాంటి అర్విడ్ దారికి అడ్డం.

అర్విడ్ ఆవిరిలోంచి తొంగిచూశాడు. "తక్కినవాళ్ళు ముళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చున్నారు. వీడు కాళ్ళు చాపుకుని పడుకున్నాడే."

నేను నోరు మూసుకున్నాను. నా బతుకులో అదే మొదటిసారి.

"నా కూతుర్ని బాగా చూసుకుంటావా?" అనడిగాడు. జవాబు లేదు. అర్విడ్ తృప్తిగా తలూపాడు. "మంచిది. ముందే వాగ్దానాలు చేసేవాడిని నమ్మకూడదు. నువ్వు నాలాంటివాడివి."

అంతే. ఇన్నేళ్ళు బిగించి ఉంచిన బిరడా ఊడింది. ఆ కాసేపట్లో అర్విడ్ తన పెళ్ళయినప్పటినుంచి మాట్లాడిన మాటలన్నిటికంటే ఎక్కువ మాట్లాడాడు. "ఆ దుప్పిని నేను కొట్టలేదు. అదే వచ్చి నా ట్రక్కుని కొట్టింది. దిగి రక్తం చూశాను, కళ్ళు తిరిగి దాని పక్కనే పడ్డాను. మా ఆవిడ హెల్మి వచ్చి, ఇద్దరిలో బతికున్నదెవరో చూడ్డానికి ముందు దుప్పిని కదిపింది."

రెయినో కళ్ళు తెరిచాడు. నెమ్మదిగా లేపి కూర్చోబెట్టాను. అప్పటికే ఆయన ఒప్పుకున్నట్టేనని మోచేత్తో పొడిచాను, ఊరుకోమని. వాడు ఊరుకోలేదు.

"అర్విడ్ గారూ, నాకో జబ్బుంది. వేడికి స్పృహ తప్పుతాను. ఇప్పుడూ తప్పాను. మీరేమన్నా అడిగుంటే నాకు వినపడలేదు. దాచిపెట్టి పిల్లనడగడం తప్పు. వెళ్ళిపొమ్మంటే వెళతాను."

రాళ్ళు చిటపటమన్నాయి. అర్విడ్ గరిటె పక్కన పెట్టాడు. నేను డెట్రాయిట్ మేజోళ్ళ గురించి ఆలోచించాను.

"ఏమీ వినలేదా?" అన్నాడు చివరికి.

"ఒక్క ముక్క కూడా."

"దుప్పి గురించి?"

"ఏ దుప్పి?"

అర్విడ్ గుండెల నిండా గాలి పీల్చి వదిలాడు. "పెళ్ళి జూన్లో పెట్టుకోండి," అని, నావైపు తిరిగాడు. "నువ్వు విన్నావా?"

"నాకూ స్పృహ తప్పిందండి," అన్నాను.

జూన్లో పెళ్ళయింది. ప్రమాణాలు కుర్చీల్లో కూర్చునే చేశారు. సిల్వి మొగుడి ఇంటికి వెళుతూ లారీ తనే నడిపింది. అప్పటినుంచి రెయినోకి సౌనాలో కింది బల్ల కేటాయించారు. అక్కడ వేడి తక్కువ. కాళ్ళు గోడకు ఆనించి పడుకుంటాడు, చెంబుడు నీళ్ళు తాగుతాడు. ఏళ్ళయింది అక్కడ వాడు పడిపోయి. ఈ సంగతి అర్విడ్‌కి ఎవరూ చెప్పలేదు.

ఎందుకంటే ప్రతి శనివారం ఆయన పై బల్ల మీదనుంచి వంగి, "పడ్డాడా?" అని నన్నడుగుతాడు. రెయినో కళ్ళు మూసుకునుంటాడు. "పడ్డాడు," అంటాను. అప్పుడు అర్విడ్ మాట్లాడ్డం మొదలుపెడతాడు. పొలం గురించి, పోయిన హెల్మి గురించి, సిల్వి చిన్నప్పుడు సరస్సు దగ్గర తప్పిపోయి దొరికిన రోజు గురించి. మొన్న మళ్ళీ దుప్పి దగ్గరికొచ్చాడు. హెల్మి ముందు దుప్పిని కదిపిన చోటికి రాగానే, కింది బల్ల మీద రెయినో పొట్ట ఆపుకున్న నవ్వుతో ఎగిరెగిరి పడింది.

అర్విడ్ ఆగాడు. "ఏమిటది?"

"నరం," అన్నాను. "అప్పుడప్పుడూ అలా కొట్టుకుంటుంది."

"పాపం," అని అర్విడ్ మళ్ళీ కథలో పడ్డాడు.