కారు హీటరు గుండీలు పీకిందెవరు? తొర్రూరు నుంచి వరంగల్ దాకా

చలికాలంలో కారెక్కగానే అద్దాలన్నీ బిగించి, అందరి ఊపిరినీ ఆ డబ్బాలో బంధించి, ముందు కూర్చున్న డ్రైవరుకు దారి కనబడకుండా చేసేది మీరే. ఆ తర్వాత "ఏమయ్యా, కళ్లు కనబడటం లేదా?" అని అతణ్ణే కసిరేదీ మీరే. కోపం వస్తే రానివ్వండి. నేనూ ఆ పనే చేశాను, దాచుకోను.

డిసెంబరు చివర్లో తొర్రూరులో కూలిరేట్ల మీద సభ పెడితే మాట్లాడటానికి వెళ్లాను. రాత్రి మిత్రుడి ఇంట్లో పడుకొని, పొద్దున ఆరింటికల్లా బస్టాండుకు వచ్చాను. పదింటికి హన్మకొండలో మరో సమావేశం. వరంగల్‌కు బస్సులో దాదాపు రెండు గంటలు, టికెట్టు ఏడెనిమిది రూపాయలు. కానీ ఖమ్మం వైపు నుంచి రావాల్సిన బస్సు మంచులో ఎక్కడ ఆగిందో చెప్పేవాడు లేడు. నాకు ఒకచోట నిలబడటం చేతకాదు. టీ కొట్టు నుంచి రోడ్డు దాకా, రోడ్డు నుంచి టీ కొట్టు దాకా తిరుగుతూనే ఉన్నాను. రెండు టీలు తాగాను, మూడోది సగంలో వదిలేశాను.

ఆరున్నర దాటాక ఒక చిన్న తెల్ల కారు వచ్చి ఆగింది. వరంగల్ పత్తి వ్యాపారి ఒకాయన కొత్తగా కొని, కిరాయికి తిప్పుతున్న బండి అది. డ్రైవరు పేరు సమ్మయ్య, ముప్పై ఏళ్లుంటాయి. వెనక సీట్లో ముగ్గురు: బాలింత రమ, ఆమె భర్త మల్లేశం, ఆమె తల్లి కొమురమ్మ. కొమురమ్మ ఒళ్లో, గొంగడి మడతల్లో, తొమ్మిది రోజుల పసివాడు. నిన్న సాయంత్రం నుంచి పాలు పట్టడం లేదట, ఒళ్లు చల్లబడుతోందట. స్థానిక డాక్టరు చూసి, వెంటనే వరంగల్ పెద్ద దవాఖానకు తీసుకుపొమ్మన్నాడు. నేను సీటు అడిగితే మల్లేశం రెండో మాట లేకుండా తలుపు తీశాడు. "రాండ్రి సారూ. దవాఖానల మాట్లాడెతందుకు మాకో మనిషైతరు" అన్నాడు. బండి మొత్తానికి వాళ్లు నూట యాభై ఒప్పుకున్నారు. నా వంతు ఇరవై ఇచ్చి ముందు కూర్చున్నాను.

కదలగానే కొమురమ్మ ఆజ్ఞ వేసింది: "అద్దాలెక్కియ్యుండ్రి. పోరనికి సలిగాలి తగులుతది." రాత్రి సభలో అరిచి గొంతు పోయింది కాబట్టి, నా పక్క అద్దం నేనే చివరంటా తిప్పాను. రాయపర్తి ఇంకా రానేలేదు, ముందు అద్దం లోపలి వైపు పాలు పోసినట్టు తెల్లబడింది. సమ్మయ్య ఒక చేత్తో స్టీరింగు పట్టుకొని, రెండో చేత్తో తువ్వాలతో తుడుస్తున్నాడు. తుడిచినంత మేర అరచేతి వెడల్పున రోడ్డు కనిపిస్తుంది, పది లెక్కపెట్టేలోగా మళ్లీ మూసుకుపోతుంది.

నేను నా అద్దం దించాను. వెనక నుంచి కేక.

"ఎక్కియ్యుండ్రి సారూ! పోరడు ఇప్పటికే సల్లగయ్యిండు!"

"అవ్వా, గాలి తగిలితే బాలింతకు ఏదో అవుతుందని ఇళ్లు మూసి, కిటికీలు మూసి మనుషుల్ని ఉక్కబెట్టే ఈ నమ్మకం ఉంది చూడు..."

"నీ సభ రాత్రే ఒడిసింది గద సారూ. మైకుల నీ గొంతు మా ఇంటిదాక ఇనవడ్డది, సప్పట్లు గూడ ఇనవడ్డయి. ఇగ మైకు బంద్ జెయ్యి."

మల్లేశం నవ్వు ఆపుకోవడానికి దగ్గాడు. పసివాడు చిన్నగా మూలిగాడు. అది ఏడుపు కూడా కాదు, అంత బలం లేదు. నేను అద్దం ఎత్తాను. మళ్లీ తెల్లబడింది, మళ్లీ దించాను. ఆమె అరిచింది, ఎత్తాను. ఇలా నాలుగుసార్లు. మీరు నవ్వుతున్నారేమో. నేనప్పుడు విజ్ఞానం తరఫున పోరాడుతున్నాననే అనుకున్నాను.

రాయపర్తి దాటాక మా ముందు వరంగల్‌కే పోతున్న పత్తి ఎడ్లబండ్ల వరుస తగిలింది. వెనక దీపం లేదు, ఎర్రగుడ్డ లేదు. సమ్మయ్య బ్రేకు మీద నిలబడ్డాడు. మేమంతా ముందుకు తూలాం. తువ్వాలతో తుడిచి చూస్తే మా బండికి మూరెడు దూరంలో పత్తి నింపిన గోనె బోరెం. రమ తన తల్లి ఒళ్లోంచి బిడ్డను లాక్కొని గుండెకు అదుముకుంది.

"చూసుకొని నడపవా?" అని అరిచాను.

సమ్మయ్య నా వైపు తిరిగాడు. "ఏంతోని సూడాలె సారూ? అద్దం దించితె అవ్వ ఒర్రుతది. ఎక్కిస్తె లారీ కిందికి పోతం. రెండూ లేకుంట పోయే ఉపాయం గీ బండ్లనే ఉన్నది." రేడియో కింద మూడు ఇనప పుల్లలు చూపించాడు. వాటి తలల మీద ఉండాల్సిన ప్లాస్టిక్ గుండీలు లేవు. ఫ్యాను తిప్పే గుండీ కూడా లేదు, కడ్డీ ఒక్కటే మిగిలింది.

"గుండీలేవి?"

"బండి సేటు పీకి ఇంట్ల పెట్టుకున్నడు. హీటరేస్తె పెట్రోల్ తాగుతదంటడు. బయటి గాలి తీసుకుంటె దుమ్మొచ్చి సీట్లు ఖరాబైతయంటడు. గందుకే గీ పుల్లను లోపలి గాలి లోపల్నే తిరిగేటట్టు పెట్టి ఇడిసిండు. మన ఊపిరే మల్ల మల్ల తిరుగుతాంది, తడి ఏడికి పోతది సారూ? అద్దానికే పట్టుకుంటాంది."

"మరి హీటరు పెట్రోలు తాగదా?"

"తాగది. ఇంజన్ల కాగే నీళ్ల వేడే ఇటు మళ్లుతది. నేను మూడేండ్లు షెడ్డుల పని జేసిన. సేటుకు జెప్తె, బండి నీదా నాదా అన్నడు."

"ఇంతసేపూ ఎందుకు చెప్పలేదు?"

"కటింగ్ ప్లేయర్‌తోని పట్టి తిప్పితె పుల్లలకు గీతలు పడ్తయి. ఆయన రోజూ సూస్తడు. నా ముందటి డ్రైవర్ను గందుకే తీసేసిండు. నాకు ఇద్దరు పిల్లలు సారూ."

అప్పటిదాకా నోరు విప్పని రమ మాట్లాడింది. "అన్నా, తిప్పు. ఎవలన్న అడిగితె నేను తిప్పిన్నని చెప్పు. బాలింతది, పిచ్చిలేసి తిప్పిందని చెప్పు."

సమ్మయ్య సీటు కింద నుంచి కటింగ్ ప్లేయర్ తీశాడు. మొదటి పుల్లను బయటి గాలి వైపు జరిపాడు. రెండోదాన్ని ఎర్ర గీత దాకా నెట్టాడు. మూడోదాన్ని ముందు అద్దం బొమ్మ వైపు తిప్పాడు. ఫ్యాను కడ్డీని పట్టి చివరిదాకా తిప్పాడు. ఇంజను అప్పటికే కాగి ఉంది. అద్దం అడుగున రెండు వేళ్ల వెడల్పున తేటపడింది, ఆ తేట మెల్లగా పైకి పాకింది. రెండు మూడు నిమిషాల్లో రోడ్డు, ఎడ్ల కొమ్ములు, బండివాడు కప్పుకున్న దుప్పటి, అన్నీ కనిపించాయి. ఇంకాసేపటికి వెనక సీటు కూడా వెచ్చబడింది. కొమురమ్మ గొంగడి ఒక మడత విప్పింది. "గిది ముందే తెల్వకపాయె. ఉత్తగ తన్నుకుంటిమి సారూ" అంది.

వర్ధన్నపేట దాకా తేటపడ్డ అద్దంలోంచి దారి చూస్తూ లెక్క వేసుకున్నాను. అద్దం మూయమన్న ముసలామె మాట నిజం, ఆ బిడ్డకు చలి ప్రమాదమే. తెరవాలన్న నా మాటా నిజమే. ఇద్దరం నిజం చెబుతూ అరగంట కొట్టుకున్నాం. మా ఇద్దరి పనీ ఒకేసారి చేసే ఏర్పాటు నా మోకాళ్ల ముందే ఉంది, దాన్ని మొండిచేసినవాడు ఇంట్లో వెచ్చగా ఉన్నాడు. మూఢనమ్మకం మీద అంత లేచిన నేను, హీటరు పెట్రోలు తాగుతుందన్న సేటు నమ్మకాన్ని ఏమని పిలవాలి? డబ్బున్నవాడి మూఢనమ్మకానికి మనం పొదుపు అని పేరు పెడతాం.

మామునూరు దాటి, ఎనిమిదీ ఇరవైకి దవాఖాన చేరాం. చీటీ దగ్గర, వార్డు దగ్గర మాట్లాడటం నా పని, చేశాను. డాక్టరమ్మ పసివాణ్ణి తాకగానే వెచ్చటి బల్బు కిందికి తీసుకుపోయింది. ఇంకో గంటయితే హామీ ఇవ్వలేకపోయేదాన్నంది. నా సమావేశం నేను లేకుండానే జరిగింది, దేశం ఏమీ మునగలేదు. నాలుగో రోజు వెళ్లి చూస్తే వాడు తల్లి పాలు తాగుతూ నన్ను లెక్కచేయలేదు.

సమ్మయ్య పని మాత్రం ఆ సాయంత్రమే పోయింది. పుల్లల మీద గీతలు సేటుకు కనిపించాయి. మార్కెట్టులో ఆయన దుకాణానికి వెళ్లి గంటసేపు వాదించాను. పసివాడి సంగతి చెప్పాను. "బతికిండు గద సార్, సంతోషం" అన్నాడాయన. "బండి మాత్రం నాది." గుమస్తాలు తలెత్తలేదు. బయటికి వచ్చి మార్కెట్టు చుట్టూ రెండుసార్లు తిరిగాను, కాళ్లు ఇంటి వైపు పోలేదు. ఒక బిడ్డను బతికించిన చేతులకు ఈ ఊళ్లో పని లేదు. దీన్ని అదృష్టం అనో దురదృష్టం అనో సర్దుకోవడం నాకు చేతకాదు.

ఈ దారిలో చలికాలం పొద్దున వెళ్లేవారికి ఒక్క మాట. ఇంజను కాగాక గాలి పుల్లను బయటి వైపు, వేడిని ఎరుపు వైపు, గాలిని ముందు అద్దం వైపు పెట్టించండి. పత్తి బండ్ల దుమ్ములో చిక్కినప్పుడు మాత్రం ఒకటి రెండు నిమిషాలు లోపలి గాలికి మార్చి, దాటగానే వెనక్కి తిప్పాలి. హీటరు లేని పాత కార్లలో బిడ్డకు దూరంగా ఉన్న అద్దం వేలెడంత దించి ఉంచండి. ఇక నేను అడుగుతున్నవి ఇవి.

కిరాయి బండ్ల యజమానులు పీకిన గుండీలన్నీ తిరిగి బిగించాలి.

ఏ పుల్ల ఎప్పుడు తిప్పాలో డ్రైవరే నిర్ణయించాలి.

మార్కెట్టుకు వచ్చే ప్రతి ఎడ్లబండి వెనక దీపం ఉండాలి, దాని ఖర్చు మార్కెట్టే భరించాలి.

సమ్మయ్యను పనిలోకి తీసుకోవాలి, పోయిన రోజుల జీతంతో సహా.

తొర్రూరు దవాఖానలో పసిపిల్లల కోసం ఒక వెచ్చటి బల్బు ఈ చలికాలంలోనే పెట్టాలి.