దగ్గరగా వేసిన తలుపు

మా ఇంట్లో రాత్రి తలుపు వేసే పని ముప్పై ఏళ్ళ పైగా నాదే. కోడలిగా వచ్చిన మొదటి వారంలోనే మా అత్తగారు ఆ పని నాకు అప్పగించారు. కుటుంబ ప్రార్థన అయ్యాక అందరూ ఎవరి మంచాల దగ్గరికి వాళ్ళు పోయేవాళ్ళు. నేను చెప్పులు లోపల పెట్టి, పిల్లిని బయటికి తోలి, రెండు రెక్కలూ కలిపి, పై గడియ, కింది గడియ వేసి, అడ్డకర్ర పెట్టేదాన్ని.

"తలుపేశావా?" అని గదిలోంచి అత్తగారు.

"వేశానండీ."

"అడ్డకర్ర?"

"పెట్టానండీ."

ఒక్క రాత్రి కూడా ఆవిడ నా మాట నమ్మి ఊరుకున్నది లేదు. లేచి వచ్చి, చేత్తో తడిమి చూసుకుని వెళ్ళేవారు. నాకు ఒళ్ళు మండేది. కానీ పొద్దున్నే ఆ తలుపు తీసేదీ నేనే. అందుకు ఎవరి అనుమతీ అడిగే పని ఉండేది కాదు.

పగలు దానికి గడియే పడేది కాదు. కొట్టుకి వెళ్ళినా, ఎదురింట్లో కూర్చుని కబుర్లాడినా దగ్గరగా వేసి వెళ్ళేవాళ్ళం. మా ఊళ్ళో తలుపు వేయడం వేరు, దగ్గరగా వేయడం వేరు. దగ్గరగా వేసి ఉందంటే ఇంటావిడ ఇక్కడే ఎక్కడో ఉంది, ఇప్పుడే వస్తుంది అని అర్థం. కుక్క దూరకూడదు, మనిషి వస్తే మాత్రం తోసుకుని లోపలికి వచ్చి కూర్చోవచ్చు.

మా ఆయన పోయిన మూడో ఏడు మా అబ్బాయి ఆ తలుపు తీయించేశాడు. వాడిది మామిడికాయల వ్యాపారం. తోటలు గుత్తకు తీసుకుని, కాయ కోయించి లారీలకెత్తిస్తాడు. పక్క ఊళ్ళో ఎవరింట్లోనో దొంగలు పడ్డారని విన్న దగ్గర్నుంచీ వాడికి కంటి మీద కునుకు లేదు. కొత్త టేకు తలుపు పెట్టించి, దానికి వేలిముద్రతో తెరుచుకునే తాళం బిగించాడు. వేలు పెట్టినా తెరుచుకుంటుంది, నాలుగంకెల నంబరు నొక్కినా తెరుచుకుంటుంది.

"రాత్రిళ్ళు నువ్వు లేచి తలుపెయ్యక్కర్లేదమ్మా. లాగితే చాలు, దానంతటదే పడిపోద్ది. పడిందో లేదో నా ఫోన్లో కనపడుద్ది" అన్నాడు, నాకేదో మహోపకారం చేసినట్టు.

ఆ రోజు ఇంట్లో అందరి వేళ్ళూ దాని మీద పెట్టించాడు. కోడలిది ఎక్కింది. మనవరాలిది ఎక్కింది. నాది ఎక్కలేదు. బొటనవేలు పెట్టాను, చూపుడువేలు పెట్టాను, ఎడమచేతి వేళ్ళన్నీ పెట్టాను. ప్రతిసారీ అది కీచుమని ఎర్రలైటు వేసింది.

"చెయ్యి సబ్బుతో కడుక్కుని రండి అత్తయ్యా" అంది కోడలు. కడుక్కుని వచ్చాను. మళ్ళీ కీచు. మనవరాలు కిసుక్కుమంది.

"నీ వేళ్ళు అరిగిపోయాయమ్మా" అన్నాడు మా అబ్బాయి.

అరగవా మరి! మా ఆయన తోటలు చేసినన్నాళ్ళూ చిన్న రసాలు తొడిమ విరిచి, సొన కార్చి, కడిగి, గడ్డి పరిచి పెట్టెల్లో సర్దింది ఈ వేళ్ళే కదా. మామిడి సొన పడితే తోలు పొక్కి ఊడిపోతుంది. కొత్త తోలు వచ్చేలోపు మళ్ళీ కోత. ఆ కాయ అమ్మిన డబ్బుతోనే వీణ్ణి కాలేజీలో చదివించాం. రేషన్ డిపోలో మిషను కూడా నా వేలు పట్టదు, కానీ ఆ డీలరు కళ్ళు ఫొటో తీసి బియ్యం ఇస్తాడు. నా ఇంటి తలుపుకి ఆ పాటి జాలి కూడా లేకపోయింది.

"పోనీ ఆ నంబరు చెప్పరా" అన్నాను.

"నంబరు నీకెందుకమ్మా? మాటల్లో పడి పదిమందికీ చెప్పేస్తావ్. అయినా నువ్వెక్కడికెళ్తావ్ చెప్పు. ఇంట్లో ఎవరో ఒకరం ఉంటాం కదా."

గుళ్ళో పాటల పుస్తకంలో ఏ పాట ఏ నంబరో చూడకుండా చెప్తాను. పాస్టరుగారు మర్చిపోతే నా వైపే తిరుగుతారు. అలాంటి దాన్ని నాలుగంకెలు గుర్తుపెట్టుకోలేనా? పైగా ఇల్లు నా పేరు మీదే ఉంది. ఇవన్నీ నోటిదాకా వచ్చాయి. కోడలి ముందు గొడవెందుకని మింగేశాను. ఆ రోజే నోరు చేసుకుని ఉండాల్సింది, నా బుద్ధి గడ్డి తిని ఊరుకున్నాను.

తర్వాత వారమే కరివేపాకు కోసుకొద్దామని వాకిట్లో చెట్టు దగ్గరికి వెళ్తూ, అలవాటు కొద్దీ తలుపు దగ్గరగా వేశాను. టక్కుమంది. దీనికి దగ్గరగా వేయడమంటే ఏమిటో తెలియదు. ఫోను లోపల, పొయ్యి మీద పప్పు. కోడలు విస్సన్నపేటలో పుట్టింటికి వెళ్ళింది. ఎదురింటావిడ ఫోను తీసుకుని మా అబ్బాయికి చేస్తే, తోటలోంచి గంటకి వచ్చాడు. అప్పటికి పప్పు మాడి ఇల్లంతా పొగ.

"బుర్ర వాడమ్మా కాస్త!" అన్నాడు. నంబరు మాత్రం చెప్పలేదు.

అప్పట్నుంచీ బయట అడుగుపెట్టాలంటే తలుపుకీ గుమ్మానికీ మధ్య చెప్పు పెట్టేదాన్ని. కోడలు చూసినప్పుడల్లా చెప్పు తీసి పక్కన పడేసేది, ఏసీ చల్లదనం పోతోందని. నేను చచ్చినట్టు ఇంట్లోనే ఉండటం మొదలుపెట్టాను. బుధవారం సాయంత్రం గుళ్ళో స్త్రీల కూడికకి వెళ్ళడం మాత్రం మానలేదు. వెళ్ళేటప్పుడు, "ఎనిమిదికి వస్తాను, ఉంటారు కదా?" అని అడిగి వెళ్ళేదాన్ని. సొంత ఇంటికి తిరిగి వస్తానని ముందుగా చెప్పుకోవడం!

మొన్న వేసవిలో ఒక బుధవారం కూడిక అయ్యి వచ్చేసరికి ఇంట్లో లైటు లేదు. బెల్లు కొట్టాను, పలికినవాళ్ళు లేరు. ఫోన్ చేస్తే కోడలు ఎత్తింది. "అయ్యో అత్తయ్యా, నూజివీడులో బర్త్‌డే ఫంక్షన్ అని చెప్పడం మర్చిపోయానండీ. కేక్ కట్ చేశాక వచ్చేస్తాం" అంది. వెనక మైకులో పాటలు.

మెట్ల మీద కూర్చున్నాను. గాలివాన లేచింది. ఎదురింటావిడ బట్టలు తీస్తూ, "ఏంటండీ, బయట కూర్చున్నారు?" అని అడిగింది.

"లోపల ఉక్కగా ఉందండీ" అన్నాను. చీర అంచు తడిసి కాళ్ళకి అతుక్కుంటుంటే కూడా ఆ అబద్ధమే పట్టుకుని కూర్చున్నాను. నా కొడుకు పరువు నేనే కాపాడాలి కదా.

అప్పుడు మా అబ్బాయి దగ్గర లోడింగు చూసే గుమాస్తా బండి మీద తడుస్తూ వచ్చాడు. అతను పనిలో చేరి ఆరు నెలలు కాలేదు. "వందనాలు అమ్మగారూ! సార్ బిల్లుబుక్కు మర్చిపోయారంటండీ" అంటూ మెట్లెక్కి, చేయి తుడుచుకుని, తాళం మీద నాలుగుసార్లు నొక్కాడు. ఆలోచించను కూడా లేదు. తలుపు తెరుచుకుంది. లైటు వేసి, వెనక్కి తిరిగి, "అయ్యో, తడిసిపోతున్నారు. లోపలికి రండి అమ్మగారూ" అన్నాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. పాపం, అతను మర్యాదగానే పిలిచాడు.

గుమ్మం బయటే నిలబడి, సిగ్గు విడిచి అడిగాను. "బాబూ, ఆ నంబరేంటో నాకూ కాస్త చెప్తావా?"

అతను నా మొహం వైపు చూడలేకపోయాడు. బిల్లుబుక్కు చేతిలో అటూ ఇటూ తిప్పాడు.

"సార్‌ని ఒక మాట అడిగి చెప్తానండీ" అన్నాడు.