తాళం తీసినా ఆగని కారు

మొన్న ఆదివారం పొద్దున ఎల్బీనగర్ మెట్రో మెట్లు దిగుతుంటే, రోడ్డు పక్క ఖాళీ స్థలంలో పదిపదిహేను జపాన్ స్పోర్ట్స్ కార్లు వరసగా నిలబెట్టి, వాటి చుట్టూ కుర్రాళ్ళు ఫోన్లు పట్టుకుని తిరుగుతూ కనిపించారు. వాళ్ళలో ఎవడో తన ఇంజన్ని ఒక్కసారి గర్జింపజేశాడు. అరవై దాటిన మనిషిని, కూరగాయల సంచీతో సహా ఆ మెట్లమీదే కూలబడ్డాను. ఆ చప్పుడు వింటే నాకు ఇప్పటికీ మనిషి కాళ్ళు విరగడమే గుర్తొస్తుంది.

మేము కృష్ణా జిల్లా నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడినవాళ్ళం. నేను కోచింగ్ సెంటరులో లెక్కలు చెప్పేవాణ్ణి. కోపం ముక్కు మీదే ఉండేది, పిల్లల మీద చెయ్యి చేసుకోవడంలో నన్ను మించినవాడు లేడని పేరు. అప్పట్లో అదొక గొప్పగా చెప్పుకునేవాణ్ణి కూడాను. మా అక్క మొగుడు, అంటే మా బావ, పైపుల వ్యాపారం కలిసొచ్చి, ఓడలో దిగిన పాత జపాన్ కారొకటి మోజుపడి కొన్నారు. అలాంటి పిచ్చి ఉన్నవాళ్ళు ఏడెనిమిది మంది ఆదివారం పొద్దున్నే ఎల్బీనగర్ దాటాక ఒక బయలులో కలిసేవాళ్ళు. సంఘమూ లేదు, చందా లేదు. బానెట్లు ఎత్తిపెట్టుకుని, చాయ్ తాగుతూ, ఒకరి ఇంజన్ని ఒకరు ఎగతాళి చేసుకోవడమే పని. ఆ కార్లన్నిటికీ వైద్యుడు మీర్‌పేట్‌లో షెడ్డున్న మేస్త్రీ. చర్చికి వెళ్ళేముందు, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాతో వచ్చి, మరక అంటకుండా అన్ని కార్లూ చూసి వెళ్ళేవాడు.

ఆ కార్లలో ఇంజన్ బలం పెంచే టర్బో అని ఒకటుంటుంది. గట్టిగా పరిగెత్తించి వచ్చి ఇంజన్ని టక్కున ఆపేస్తే అది వేడికి మాడిపోతుంది. అందుకని మావాళ్ళు ఒక టైమరు పెట్టించుకునేవారు. తాళం తీసి జేబులో వేసుకున్నా ఇంజన్ ఇంకో నిమిషం తిరిగి, తర్వాత తనంతట తనే ఆగేది. చూడ్డానికొచ్చిన కొత్తవాళ్ళు “అన్నా, బండి బంద్ చేయలే” అంటూ వెంటపడితే మావాళ్ళకు భలే సరదా. గేరు తీసేసి, హ్యాండ్ బ్రేకు లాగి మరీ దిగాలన్నది మాత్రం అక్కడ అందరూ పాటించే కట్టుబాటు.

ఒక ఆదివారం బావ మొదటిసారి స్టీరింగు నా చేతికిచ్చారు. రోడ్డు మీద ఒక చుట్టు చుట్టి, ఒళ్ళు తెలియని ఆనందంతో బయల్లోకి తెచ్చి, వరసలో ఉన్న ఒక కారు వెనక నిలిపాను. బావ దిగి చాయ్ బండి వైపు నడిచారు. ముందు కారు పొగగొట్టం చూస్తూ మేస్త్రీ మా బంపరు వైపు వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. నా సొంత డొక్కు కారుకు హ్యాండ్ బ్రేకు పనిచేయదు కనక తాళం తీశాక ఫస్ట్ గేరులో పెట్టి వదిలేయడం నాకు ఏళ్ళనాటి అలవాటు. తాళం తీసి పిడికిట్లో పట్టుకుని, గేరు వేసి, క్లచ్ మీంచి కాలు తీశాను. చుట్టూ అన్ని ఇంజన్ల మోతలో మాది ఇంకా తిరుగుతోందన్న ధ్యాసే లేదు. కారు ఎగిరి దూకింది. రెండు బంపర్ల మధ్య మేస్త్రీ మోకాళ్ళు నలిగాయి, ఆ తెల్ల చొక్కా అంచులు రక్తంలో తడిశాయి, ఆయన పెట్టిన కేక విని చాయ్ గ్లాసులు వదిలేసి అందరూ పరిగెత్తుకొచ్చారు. నేనూ దిగి ఆ గుంపులో కలిశాను.

అన్నతో చర్చికి వెళ్దామని స్నేహితులతో వచ్చిన మేస్త్రీ తమ్ముడు చక్రాలు విప్పే పానా పట్టుకుని ముందుకొచ్చాడు. “బండి ఎవనిదిరా?” అని అరిచాడు. నడిపింది ఎవరని అడగలేదు. బావ ముందుకొచ్చి నాదేనయ్యా అన్నారు. ఆ మాట పూర్తికాకముందే పానా ఆయన ఎడమ చెవి కింద పడింది. పడిపోయిన ఆయన్ని అతని స్నేహితులు నలుగురు చేరి డొక్కల్లో తన్నారు, లేపి మరీ కొట్టారు, పళ్ళు రాలాయి. ఒకసారి నెత్తురు ముఖంతో ఆయన నావైపు చూశారు. నా పేరు చెప్పలేదు. పిల్లల మీద లేచే నా చెయ్యి అడ్డం పెట్టడానికి లేవలేదు. చివరికి ఆ నేలమీద పడున్న మేస్త్రీయే అరిచాడు: “ఆయన కాదురా! తోలింది గా సారు!” అప్పుడు నా మీద పడ్డారు. భుజం ఎముక విరిగింది. నిజం చెప్పొద్దూ, మొదటి దెబ్బకు హాయిగా అనిపించింది.

మేస్త్రీకి ఒక కాలు మోకాలి కింద తీసేశారు. కట్టుకట్టిన భుజంతో దవాఖానకు వెళ్తే ఆయన, “కాలు పోతే పోయింది సారూ. మీ బావను గట్ల కొడ్తుంటే ఎట్ల సూస్కుంట నిలబడ్డవ్?” అన్నాడు. బావకు ఎడమ చెవి మళ్ళీ వినపడలేదు. కారు తుక్కుకింద అమ్మేశారు. ఆ బయల్లో ఆదివారాలు అంతటితో సరి.

ఇప్పటి పిల్లలు అదృష్టవంతులు. మెట్లమీద కూర్చుని చూశాను, ఒక్కో కారును నాలుగు ఫోన్లు వీడియో తీస్తున్నాయి. ఎవరు నడిపిందీ, ఎవరు ఎక్కడ నిలబడిందీ అన్నీ దొరికిపోతాయి. గుంపులో దాక్కునే వీలు నాలాంటివాడికి ఈ రోజుల్లో లేదు. ఆనాడూ లేకపోతే ఎంత బాగుండేదో.

బావ ఇన్నేళ్ళలో ఆ సంగతి ఎత్తలేదు, అక్కను కూడా ఎత్తనివ్వలేదు. క్షమాపణ మాత్రం నేను ఒకసారి చెప్పుకున్నాను. పోయినేడు వాళ్ళింట్లో టీవీ ముందు ఇద్దరమే కూర్చున్నప్పుడు, తప్పు నాదే బావా, నన్ను మన్నించండి అన్నాను. ఆయనకు ఎడమవైపు కూర్చుని అన్నాను, కావాలనే.