దురదగొండి దడి

నిన్న పటేల్‌గూడల ఒక ఖాళీ ప్లాటు ఫెన్సింగు మీద దురదగొండి కాయలు కనపడ్డయి. గోధుమరంగు నూగుతోని, పిల్లి వీపు లెక్క మెత్తగ. నా బిడ్డ చెయ్యి పెట్టబోతే గుంజిన. ముట్టకముందే నా చేతులకు దురద పుట్టింది.

నా చిన్నప్పుడు మా అవ్వ, నాయిన తల్లి, తొలకరి పడంగనే పెరట్ల దడి పొడుగూత గింజలు పెట్టింది. నల్లగ నిగనిగలాడే గింజలు. చిక్కుడనుకోని రోజూ చెంబుతోని నేనే నీళ్లు పోసిన. అవ్వ సూసి నవ్వేదే గాని ఏం చెప్పకపోయేది.

దడి అవతల వాగు. ఫ్యాక్టరీ నీళ్లు కలిసి ఒకనాడు ఎర్రగ, ఒకనాడు పచ్చగ పారేది. పిల్లలం దడి సందులకెల్లి దూరి పోయి, తేలే నురుగును దోసిళ్లతోని పట్టుకునేటోళ్లం.

కాయలు కాసినంక కూరకు తెంపుదామని చెయ్యి వెట్టిన. ఒళ్లంత మంట! ఏడ్చుకుంట ఉరికొస్తే అవ్వ పెండ రాసింది.

"నాతోని నీళ్లు పోపిచ్చి నాకే దురద వెట్టిస్తివి గదనే అవ్వా!"

"ఇగ ఆ వాగు దిక్కు పోవు గద," అన్నది అవ్వ. "గీ దురద పొద్దుగూకేసరికి పోతది బిడ్డా, ఏడువకు."

నిజంగనే పోయింది. అవ్వ మాత్రం అరుగు మీద కూసోని, చీర జెర పైకి గుంజుకోని, పిక్కల మీది నల్ల మచ్చలను గోక్కుంటనే ఉన్నది. ఆ వాగు నీళ్లు పారిన మళ్లల్ల ఏండ్లకేండ్లు నాట్లేసిన కాళ్లవి.

అప్పుడు మాత్రం, ముసలోళ్ల కాళ్లన్నీ గట్లనే ఉంటయనుకున్న.