చెరిసగం గెలుపు

కార్వేటినగరం కృపామణి పగలు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు ఏరేది. సాయంత్రం ఫ్యాక్టరీ వెనక గోడకు బిగించిన ఇనుప రింగులోకి బంతి వేసేది. చిత్తూరు మహిళల బాస్కెట్‌బాల్ జట్టుకు ఆమే కెప్టెన్. అయినా ఏటేటా ఫైనల్లో తిరుపతి జట్టు చేతిలో, సరిగ్గా చెప్పాలంటే ఆ జట్టు కెప్టెన్ భానుశ్రీ చేతిలో, ఓడిపోయేది. కృపామణి కుడిచేత్తో తప్ప బంతి ఆడలేదని కనిపెట్టింది భానుశ్రీ ఒక్కతే. కుడివైపున గోడలా నిలబడి, "ఎడంచెయ్యి ఇంట్లో పెట్టొచ్చినావా మణీ?" అని ఎగతాళి చేసేది.

ఆ మాట కృపామణికి ముల్లులా గుచ్చుకుంది. ఏడాదంతా ఎడమచేత్తోనే కాయలు ఏరింది. చివరికి ఎడమచేత్తో అన్నం కలిపి తల్లి నిర్మలమ్మకు దొరికిపోయింది.

"ఎడంచేత్తో కూడు కలపతావేందే, సిగ్గులేదా?"

"భానుశ్రీని అడుగు మా!"

ఈసారి ఫైనల్ చిత్తూరులోనే. ఎడమచేతిని చివరి క్వార్టర్ దాకా దాచి ఉంచింది. ఆ క్వార్టర్ మొదలయ్యేసరికి స్కోరు సమానం. సరిగ్గా అప్పుడే ముఖ్య అతిథి కారు వచ్చింది. నిర్వాహకుడు రఘునాథ్ పరుగున వచ్చి ఆట ఆపించాడు. కోర్టులోనే కుర్చీలు వేయించాడు.

"సారుకు టైం లేదమ్మా. ఇద్దురూ గెలిచినట్టే. కప్పు చెరో పక్క పట్టుకోండి, ఫోటో తీస్తారు."

"పొద్దున మగోళ్ల ఆట పూర్తిగా ఆడించినారు గదా సార్?" అని అడిగింది కృపామణి.

"ఆడపిల్లోళ్లకు పంతాలెందుకమ్మా?"

కృపామణికి ఒళ్లు మండిపోయింది. గెలిచే హక్కునూ, ఓడే హక్కునూ ఒకేసారి కాజేసి, ఆ దొంగతనానికి దయ అని పేరు పెట్టడమా? కప్పు మీద నుంచి చెయ్యి తీసేసింది. అవతలి పక్క భానుశ్రీ కూడా తీసేసింది. ఇక రఘునాథే కప్పు పట్టుకుని అతిథి పక్కన నవ్వాడు.

అతిథినీ రఘునాథ్‌నూ ఎక్కించుకుని కారు కదిలీ కదలగానే భానుశ్రీ కుర్చీలు పక్కకు లాగసాగింది. "మిగిలింది ఆడదాం రాయే." రిఫరీ విజిల్ మళ్లీ నోట పెట్టుకున్నాడు.

ఆఖరి క్షణాల్లో భానుశ్రీ అలవాటుగా కుడివైపు అడ్డుకుంది. కృపామణి ఎడమవైపు నుంచి దూసుకుపోయి, ఎడమచేత్తో బంతి వేసింది. రింగు అంచున ఊగి, లోపల పడింది. చిత్తూరు గెలిచింది.

మర్నాడు పత్రికలో మాత్రం 'సంయుక్త విజేతలు' అని వచ్చింది. ముందుగా మండిపడింది భానుశ్రీ.

"సూసినావా మణీ?" అని ఫోన్లో అరిచింది. "నేను గూడా గెల్సినానంట! ఓడినట్టే లేకపోతే వచ్చే ఏడు నీ మీద కసి యెట్ల తీర్చుకునేది? రఘునాథ్ సారు ఆఫీసుకు పోదాం పా. నేను ఓడినానని నా నోటితోనే చెప్తా!"

కృపామణి అప్పటికే చెప్పులు వేసుకుంటోంది.