ఆముదం రాసిన తోలుపట్టీ

ముసురు పట్టిన రోజుల్లో బందరులో ఏ ఇంటి బీరువా తెరిచినా బూజు వాసన వస్తుంది. మా బీరువా తెరిస్తే ఆముదం, తోలు కలిసిన వాసన వస్తుంది. ఈ పొద్దున కూడా తలుపు తీయగానే అది ముక్కుకు తగిలి, దైవసహాయం మేష్టారు నా వెనకే నిలబడినట్టనిపించింది. లోపల మేకుకు వేలాడుతున్నది, గడ్డం గీసుకునే కత్తికి పదును సరిచేసే తోలుపట్టీ. నా మొహాన చూస్తే గుప్పెడు గడ్డం. కత్తి ముట్టని మనిషికి ఆ పట్టీ మీద అంత శ్రద్ధ ఏమిటని చుట్టాలు నవ్వుతారు. నవ్వనీ.

మా వాళ్ళది పాలకాయతిప్ప దగ్గర సముద్రం మీద వేట. నేను ఉద్యోగం దొరికి బందరు వచ్చి, రిటైరైన మేష్టారి ఇంట్లో పక్క వాటా అద్దెకు తీసుకున్నాను. అప్పట్లో నాకు ముక్కు మీదే కోపం. తెల్లవారగానే వరండాలోంచి తోలు మీద కత్తి ఆడించే చప్పుడు వినిపించేది. పట్టీ ఒక కొస కిటికీ ఊచకు తగిలించి, రెండో కొస ఎడమచేత్తో బిగించి పట్టుకుని, తొందరన్నది ఎరగనట్టు అటూ ఇటూ ఆడించేవారు. ఓ రోజు విసుగొచ్చి అడిగేశాను. "ఎందుకండీ ఈ తిప్పలు? బ్లేడు కొనుక్కుంటే పోయేదానికి."

"కొన్నానయ్యా. నా చర్మానికి పడలేదు, మొహమంతా పొక్కులొచ్చినయ్. గరుగ్గా ఉంటే మా ఆవిడ నన్ను పోల్చుకోదు" అన్నారు.

ఆ మాటకు అర్థం ఆ ఇంట్లో నాలుగు రోజులుంటేగాని తెలియలేదు. ఆయన భార్య కరుణమ్మ గారికి షుగరు వల్ల చూపు పోయింది. తరవాత మతిమరుపు వచ్చింది. వాళ్ళకు పిల్లల్లేరు. రోజూ పొద్దున ఆవిడ ఆయన చెంప తడిమి చూసేది. నున్నగా తగిలితే "మీరేనా" అని సూదిమందుకు చెయ్యి చాపేది, ఆయన పెట్టింది తినేది. గరుకు తగిలిందా, ఎవరో పరాయి మగాడని గోడవైపు ముడుచుకుపోయేది. అందుకే ఆయన ఆ తోలును కంటికి రెప్పలా చూసుకునేవారు. నీళ్ళు తగలనిచ్చేవారు కాదు, మడవనిచ్చేవారు కాదు. పని అయ్యాక పొడిగుడ్డతో తుడిచి, అరచేత్తో వెచ్చబడేదాకా రుద్ది లోపల పెట్టేవారు.

ఓ వానాకాలం మా అమ్మ నన్ను చూడడానికి వచ్చింది. చెమ్మెక్కిందని మేష్టారు వరండాలో వేలాడదీసిన పట్టీ మీద తెల్లగా బూజు కనబడింది. పెద్దాయనకు సాయం చేద్దామని ఉప్పునీళ్ళతో కడిగి, వాన తెరపివ్వగానే మేడ మీద ఎండేసింది. చేపలైనా వలలైనా మా ఇళ్ళల్లో తెలిసిన వైద్యం అదొక్కటే. సాయంత్రానికి పట్టీ ఎండుచేపలా బిర్రబిగిసింది, అంచులు పైకి లేచాయి.

మర్నాడు దాని మీద ఆడించిన కత్తి చెంప మీద సాగలేదు. రెండుచోట్ల తెగింది, మిగతాచోట గరుకు మిగిలింది. కరుణమ్మ గారు చెయ్యి చాపలేదు. మధ్యాహ్నం దాటినా మెతుకు ముట్టలేదు. నేను అమ్మ మీద అంతెత్తున లేచాను. అమ్మ చీర కొంగు నలుపుతూ నిలబడింది.

మేష్టారు నా భుజం మీద చెయ్యి వేశారు. "కేకలేస్తే తోలు మెత్తబడిద్దేంటయ్యా? ఆమె చేతికి తెలిసిన మంచే చేసింది. చెల్లెమ్మా, ఇలా రా. నీ అరచెయ్యి చూపించు" అన్నారు. వలలు లాగి కాయలు కాసిన ఆ చేతిలో చుక్క ఆముదం వేసి, "నెమ్మదిగా రుద్దు. తాగినంతే తాగనీ, ఎక్కువ పొయ్యబాక" అన్నారు. తను కత్తిని అరచేతి మీదే ఆడించుకుని మళ్ళీ గడ్డం గీసుకున్నారు. సాయంత్రానికి ఆవిడ ఆయన చెంప తడిమి గంజి తాగింది. వానలు వెనకబట్టేదాకా అమ్మ రోజూ ఆ పట్టీ రుద్దింది. వానలు పోయినా ఊరు వెళ్ళకుండా ఆ ఇంట్లోనే ఉండిపోయింది.

కొన్నేళ్ళకు మేష్టారి కుడిచెయ్యి వణకడం మొదలుపెట్టింది. కత్తి నా చేతికి వచ్చింది. "నొక్కబాక. కత్తి వీపు తోలు మీంచి లేపకుండా, వీపు మీదే తిప్పు" అని కుర్చీలోంచి చెప్పేవారు. నాకు కోపం వచ్చిన రోజున మాత్రం కత్తి ఇచ్చేవారు కాదు. ముందు పట్టీ ఇచ్చి రుద్దమనేవారు. తోలు వెచ్చబడేసరికి కోపం ఏమయ్యేదో నాకే తెలిసేది కాదు. పెద్దయ్యాక మా నాన్న మాట కూడా వినని నేను, మేష్టారి మాట విన్నాను. ఆయనంటే నాకు అంత ఇష్టం.

ఆయన నిద్రలోనే పోయారు. ఆ ఉదయం గడ్డం నేనే గీశాను. అమ్మ కరుణమ్మ గారిని నడిపించుకొచ్చి పక్కన కూర్చోబెట్టింది. ఆవిడ చెంప తడిమింది. "నున్నగానే ఉంది. ఈయనే. ఇంత చల్లగా ఉన్నారేంటి?" అంది.

మర్నాడు ఆవిడ ఎవరి దగ్గరా తినలేదు. అమ్మ బతిమాలింది, సూది వెయ్యడానికొచ్చిన నర్సు బతిమాలింది. ఏం చేయాలో తోచక నేను బీరువా తీసి పట్టీ రుద్దుతూ కూర్చున్నాను. అమ్మ పిలిస్తే ఆ ఆముదం చేత్తోనే వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఆవిడ నా అరచేతిని తడిమింది, వాసన చూసింది. తరవాత సూదికి చెయ్యి చాపింది.

అప్పటినుంచి రోజూ ఇదే వరస. కత్తి అట్టపెట్టెలో పడుకుని ఉంది. ఈ పొద్దున కూడా పట్టీ పొడిగుడ్డతో తుడిచి, చుక్క ఆముదంతో వెచ్చబడేదాకా రుద్దాను. వంటింట్లోంచి అమ్మ, "కాసింత ఎండొచ్చింది, కిటికీ దగ్గరెట్టబాక" అని హెచ్చరించింది. మంచం దగ్గరికి వెళ్ళి చెయ్యి చాపాను. కరుణమ్మ గారు దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇవాళ ఆలస్యమైంది మీకు" అంది.

"అవును, కాస్త ఆలస్యమైంది" అన్నాను.